వాన పడకముందే వాకిలి సీసీ, వాడ రోడ్డు సరిచేసుకునే పద్ధతి: నల్లగొండ, పాలమూరు నేలలకు

సీసీ పోసిన మూడో ఏడే పగుళ్లొస్తే సిమెంటు తక్కువేశాడని మేస్త్రీని తిడతాం. పెళ్ల లేపి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది వేరు. కింద మట్టి మెత్తబడి కుంగి ఉంటుంది, పలకకూ నేలకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంటుంది. పక్కింటి బోరు నీళ్లో, పూడిపోయిన మోరిలో నిలిచిన నీళ్లో అంచు నుంచి లోపలికి దిగి ఉంటాయి. బీటీ, అంటే తారు రోడ్డుదీ ఇదే కథ. గుంత కనిపించేది పైన, చెడింది కింద. కాబట్టి పని వరుస కూడా కింది నుంచే మొదలవ్వాలి: నేల, నీరు, ఆ తర్వాతే పగుళ్లు, గుంతలు. నీటి దారి సరిచేయకుండా పగుళ్లు పూడ్చితే ఆ ఖర్చు వచ్చే ఏడు మళ్లీ పెట్టాల్సిందే.

మరమ్మతులకు మంచి కాలం సంక్రాంతి దాటిన తర్వాత మొదలై రోహిణి కార్తెతో ముగుస్తుంది. మృగశిర వచ్చిందంటే నేల తడిసిపోతుంది, తడి మీద పోసిన తారు పట్టుకోదు. కొత్త సీసీ పోయడానికి మాత్రం ఎండలు ముదరకముందు, జనవరి ఫిబ్రవరి నెలలే నయం.

మీ కింద ఉన్నది ఏ మట్టి

దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వైపు ఎర్ర చలక ఎక్కువ. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ఆయకట్టులోనూ, మక్తల్, అలంపూర్ వైపూ నల్లరేగడి ఎక్కువ. ఇది మోటు లెక్క మాత్రమే. ఒకే ఊళ్లో ఊరి పైభాగం చలక, చెరువు దిగువ నల్లమట్టి ఉండటం మామూలే. చలక నీటిని తాగి వదిలేస్తుంది, దాన్ని గట్టిగా దిమ్మిస కొడితే చాలు. రేగడి అలా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఏడాదికోసారి పైకి లేచి కిందికి దిగే నేల మీద 5 అంగుళాల కాంక్రీటు పలక నిలవడం కష్టం.

అనుమానం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. అడుగు లోతు మట్టి తీసి, ఎండబెట్టి, నలిపి, పిండి జల్లెడలాంటి సన్నటి జల్లెడతో జల్లించండి. 100 మిల్లీలీటర్ల కొలత గీతలున్న గాజు గొట్టాలు రెండు తీసుకుని, ఒక్కోదాంట్లో 10 గ్రాముల మట్టి వేయండి. ఒకదాన్ని నీళ్లతో, ఇంకోదాన్ని కిరోసిన్‌తో 100 గీత దాకా నింపి, బాగా కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అందులో మట్టి 10 గీత దగ్గర ఆగి, నీళ్లలో 15 దాటిందంటే ఉబ్బుడు 50 శాతం మించినట్టు. అలాంటి మట్టిని రోడ్డు కట్ట నింపడానికి వాడకూడదని జాతీయ రహదారుల పనుల నిబంధనల్లోనే ఉంది. ఇంటి ముందు వాకిలికీ అదే వర్తిస్తుంది.

రేగడి అని తేలితే రెండు దారులు. మొదటిది, ఒకటిన్నర అడుగు లోతు తవ్వి పారేసి మొరం నింపడం. కాస్త జిగురున్న మొరం కావాలి. ఇసుక గానీ ఉత్త కంకర గానీ నింపితే ఆ గుంత తొట్టిలా నీళ్లు పట్టుకుని చుట్టూ ఉన్న రేగడిని ఇంకా ఉబ్బిస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. రెండో దారి సున్నం. పై 6 అంగుళాల మట్టిని గుల్ల చేసి, చదరపు మీటరుకు 7 నుంచి 10 కిలోల పొడి సున్నం కలిపి, తడిపి, ఒక రోజు ఆగి, మళ్లీ తిరగేసి దిమ్మిస కొట్టాలి. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా సున్నం పని పెట్టుకోవద్దు.

మొరం తడి ఎంత ఉండాలో పిడికిలి చెబుతుంది. గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, చేతికి అంటకూడదు, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చాలలేదు. పిండిలా అతుక్కుంటే ఒక పూట ఆరనివ్వండి. 6 అంగుళాలు వదులుగా పరిచి 4 అంగుళాలకు దిగేదాకా రోలరో ప్లేట్ కంపాక్టరో తిప్పండి. ఒకేసారి అడుగు మందం పోసి పైన తొక్కిస్తే పైపైనే గట్టిపడి లోపల గుల్లగా ఉండిపోతుంది. చివర్లో మడమతో గట్టిగా తొక్కండి. గుర్తు పడితే ఇంకో విడత తొక్కించాల్సిందే.

నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి

వాన కురుస్తుండగా గొడుగేసుకుని ఒకసారి రోడ్డు వెంట నడవండి. నీళ్లు నిలిచిన ప్రతిచోటా సుద్దతో గానీ రాయి పెట్టి గానీ గుర్తు పెట్టుకోండి. వానలు లేని రోజుల్లో అయితే ట్యాంకరు నీళ్లు వదిలి చూడొచ్చు. ఆగిన ఆ నాలుగైదు చోట్లే వచ్చే ఏడాది గుంతలు పడే చోట్లు.

సీసీకైనా బీటీకైనా వాలు 2 శాతం దాకా ఉండాలి. 12 అడుగుల వెడల్పు వాకిలి అయితే ఇంటి వైపు నుంచి మోరి వైపుకి దాదాపు 3 అంగుళాలు దిగాలి. మేస్త్రీ దగ్గరుండే నీళ్ల లెవల్ పైపుతో కొలిచి చూసుకోండి, కంటి అంచనా నమ్మొద్దు.

ఇక రోడ్డు అంచులు. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ బండి ఎక్కడానికి గేటు ముందు మొరం పోసుకుంటారు. పోసిపోసి అది రోడ్డు కన్నా ఎత్తవుతుంది. రోడ్డు మీద నీళ్లు పక్కకు జారే దారి మూసుకుపోయి రోడ్డే కాలువ అవుతుంది. పక్క మట్టి ఎప్పుడూ రోడ్డు అంచు కన్నా అర అంగుళం కిందే ఉండాలి, అక్కడి నుంచి మోరి వైపు 4 శాతం వాలాలి. ర్యాంపు తప్పదనుకుంటే దాని కింద 9 అంగుళాల సిమెంటు పైపు వేసి నీళ్లు పోనివ్వండి. పైపు రెండు మూతుల దగ్గరా చెత్త అడ్డం పడకుండా నెలకోసారి చెయ్యి పెట్టి తీయాల్సి ఉంటుంది. ఆ పని చేయలేమనుకుంటే పైపు బదులు పైన ఇనుప జాలీ వేసిన తెరిచిన మోరి మంచిది.

అంచు తెగి, మట్టి కొట్టుకుపోయి, రోడ్డు కన్నా రెండు మూడు అంగుళాలు కిందికి దిగినా ప్రమాదమే. టైరు అంచు మీద పడి దిగిన ప్రతిసారీ తారు పెళ్ల విరుగుతుంది. 10 అడుగుల రోడ్డు ఐదారేళ్లలో 8 అడుగులకు కుంచించుకుపోయేది ఇలాగే. గుంత పూడ్చడం కన్నా అంచుకు మొరం పోసి దిమ్మిస కొట్టడం చవక, దానివల్ల మేలూ ఎక్కువ.

ఆయకట్టు ఊళ్లలో ఇంకో తంటా ఉంది, జాలు. కాలువ పారినన్ని రోజులు నీళ్లు కింద నుంచే ఊరతాయి. రోడ్డు పైభాగం పొడిగా ఉన్నా అడుగున బురదే. వరి మడికీ రోడ్డుకీ మధ్య రెండడుగుల లోతు కాలువ తీసి పారే దారి చూపించాలి. అది లేకుండా పైన ఎంత మందం తారు పోసినా బండ్లు పోయే దారిలో వలలా పగుళ్లు వస్తాయి. అలా వల పగుళ్లు కనిపించాయంటే పైపూత వల్ల లాభం లేదు, అడుగు దాకా తవ్వి మళ్లీ కట్టాల్సిందే.

సీసీ పగుళ్లు

వెంట్రుకంత సన్నగా ఉండి, రెండు వైపులా ఒకే ఎత్తులో ఉన్న పగుళ్లను అలాగే వదిలేయండి. 3 మిల్లీమీటర్లు దాటితే పూడ్చాలి. ఒక వైపు పలక ఇంకో వైపు కన్నా కిందికి దిగినా, ట్రాక్టరు పోతుంటే కదిలినా అది పూడ్చే పగులు కాదు. కింద ఖాళీ ఉన్నట్టు. సుత్తితో కొడితే డొల్ల మోత వస్తుంది. ఆ పలకను కోసి తీసి, కింద మొరం నింపి గట్టిచేసి, మళ్లీ పోయాలి.

పూడ్చే పగుళ్లలో అందరూ సిమెంటు పాలు పోస్తారు. వద్దు. పగులు పగలు ఎండకు మూసుకుంటుంది, రాత్రి చల్లకు తెరుచుకుంటుంది. సిమెంటు గట్టిది, సాగదు. నెల తిరిగేసరికి పక్కనే కొత్త గీత పడుతుంది. సాగేది పోయాలి: తారు గానీ, రబ్బరులా సాగే పాలీసల్ఫైడ్, పీయూ (పాలీయూరెథేన్) సీలెంట్ గానీ.

ముందు గ్రైండరుతో పగులు వెంట అర అంగుళం వెడల్పు, అంతే లోతు గాడి తీయండి. ఇనుప బ్రష్‌తో రుద్ది, గాలి పంపుతో దుమ్ము ఊదేయండి. గడ్డి మొలిచి ఉంటే వేళ్లతో సహా తీసేయాలి. తడి అసలు ఉండకూడదు, కడిగితే రెండు రోజులు ఆరనివ్వాలి. పగులు లోతుగా ఉంటే అడుగున నురగ తాడు కుక్కితే సీలెంటు కిందికి కారిపోదు, డబ్బూ మిగులుతుంది. పైకి నిండుగా కాకుండా 4, 5 మిల్లీమీటర్లు కిందికే ఆపండి. ఉబ్బిన సీలెంటు టైరుకు అంటుకుని మొత్తం ఊడి వస్తుంది. చల్లటి పొద్దున పగులు బాగా తెరుచుకుని ఉన్నప్పుడు పోస్తే అది సాగి తెగే అవకాశం తక్కువ, మధ్యాహ్నం మూసుకుని ఉన్నప్పుడు పోస్తే రాత్రికి అంచు నుంచి విడిపోవచ్చు.

తారు కాచి పోసేవాళ్లు పొగ లేచేదాకా మంట పెట్టొద్దు. పొగ లేచిన తారు కాలిపోయి పెళుసవుతుంది. తడి తగిలితే చిందుతుంది కాబట్టి చుట్టూ పిల్లల్ని రానివ్వొద్దు.

పలకల మధ్య జాయింట్లనూ ఇలాగే ఏటా ఒకసారి చూసుకోండి. అందులో రాయి ఇరుక్కుంటే వేసవిలో పలక సాగడానికి చోటు లేక అంచులు పగిలి పెచ్చులూడతాయి.

బీటీ గుంత పూడ్చడం

పంచాయతీరాజ్ రోడ్డా, ఆర్‌అండ్‌బీ (రోడ్లు భవనాల శాఖ) రోడ్డా అన్నది ముందు తెలుసుకోండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డయితే మొదటి 5 ఏళ్ల నిర్వహణ ఆ కాంట్రాక్టరు ఒప్పందంలోనే ఉంటుంది. రోడ్డు మొదట్లో బోర్డు ఉంటుంది, తేదీ చూసి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఫొటోతో సహా రాసివ్వండి. కింద చెప్పేది మీ సొంత దారికి, మిల్లు ఆవరణకు, వెంచరు రోడ్డుకు, లేదా పంచాయతీయే చేయిస్తున్న పనికి.

గుంత గుండ్రంగా ఉన్నా కోత చదరంగా ఉండాలి. చెడిన భాగం దాటి చుట్టూ ఇంకో 4 అంగుళాలు, గట్టి తారు తగిలేదాకా గీత గీసి కోయండి. గోడలు నిటారుగా ఉండాలి. వాలుగా ఉంటే కొత్త పెళ్ల అంచు పలచబడి టైరుకు లేచిపోతుంది. అడుగున మెత్తటి మట్టి ఉంటే గట్టి నేల వచ్చేదాకా తీసి, మెటల్ (రోడ్డు కంకర) వేసి దిమ్మిస కొట్టండి. దుమ్ము ఊడ్చి ఆరనివ్వండి.

అడుగుకూ గోడలకూ తారు ఎమల్షన్ (నీళ్లలో కలిసి పలచగా ఉండే తారు) పూయాలి. 2 అడుగుల చదరం గుంత అడుగుకు 100 గ్రాములు, అంటే ఒక టీ గ్లాసు చాలు, గోడలకు ఇంకో అర గ్లాసు. ఎక్కువ పోస్తే కారి గుంటలో నిలుస్తుంది, తర్వాత పోసే తారు కంకర మిశ్రమం దాని మీద జారుతుంది. పూసినప్పుడు గోధుమ రంగులో ఉంటుంది. నల్లబడేదాకా ఆగాలి, ఎండాకాలం పావుగంట, మబ్బు పడితే గంట కూడా పట్టొచ్చు. గోధుమ రంగు ఉండగానే మిశ్రమం పోస్తే నీళ్లు లోపలే చిక్కుకుంటాయి.

తర్వాత ఆ మిశ్రమం, వేడిగా వచ్చే హాట్ మిక్స్ గానీ బస్తాల్లో దొరికే కోల్డ్ మిక్స్ గానీ. లోతు 3 అంగుళాలు దాటితే రెండు పొరలుగా నింపి, ఒక్కో పొరకూ దిమ్మిస కొట్టండి. 2 అడుగుల చదరం, 3 అంగుళాల లోతు గుంతకు 60 నుంచి 65 కిలోలు పడుతుంది. చివరి పొర రోడ్డు కన్నా పావు అంగుళం ఎత్తుగా వదిలితే బండ్లు తొక్కి సమం చేస్తాయి. అంచుల వెంట ఎమల్షన్ గీత పూసి డస్ట్ చల్లండి. ఈ ఆఖరి గీత మానేస్తే మొదటి వానకే అంచు నుంచి నీరు దిగుతుంది.

గుంతలో మొరం, ఇటుక ముక్కలు పోయడం తాత్కాలిక సాయం కూడా కాదు. అది తడి పట్టుకుని చుట్టూ ఉన్న మంచి తారును కూడా వదులు చేస్తుంది.

కొత్త వాకిలి పోసేటప్పుడు

కారు ఒక్కటే వచ్చిపోయే వాకిలికి 4 అంగుళాలు, ట్రాక్టరు ట్రాలీ లోపలికి వస్తే 5, వడ్ల లారీ వస్తే 6కు తగ్గొద్దు. లెక్క కోసం 12 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం అనుకుందాం. 150 ఘనపుటడుగుల కాంక్రీటు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో దీనికి సుమారు 34, 35 బస్తాల సిమెంటు, 65 ఘనపుటడుగుల ఇసుక, 130 ఘనపుటడుగుల 20 ఎంఎం కంకర కావాలి. రోబో శాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక) వాడొచ్చు, కానీ కాంక్రీటు రకమే తీసుకోండి. క్రషర్ డస్ట్‌ను రోబో పేరుతో అంటగడతారు. చేతిలో నలిపితే పౌడరులా అంటుకుంటే అది డస్టే.

బలం పోయేది ఎక్కువగా నీళ్ల దగ్గర. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఈ పాళ్లకు బస్తాకు 30 లీటర్లే గరిష్ఠం, ఇసుకలో ఉన్న తడీ అందులో భాగమే. పోయడం తేలిక కావాలని కూలీలు ఇంకో బకెట్ పోస్తారు. ఆ బకెట్ తర్వాత ఆవిరై, పోయిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. పైపొర సుద్దలా రాలేది అందుకే. మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర 15 లీటర్ల బకెట్ ఒకటే పెట్టి, బస్తాకు రెండు మించకుండా ఒక మనిషిని నిలబెట్టండి. రెడీమిక్స్ బండి వచ్చినా అక్కడ నీళ్లు కలపనివ్వొద్దు.

చువ్వలు వేస్తే పగుళ్లు రావనేది అపోహ. చువ్వ పగులును విడిపోకుండా పట్టుకుంటుంది, రాకుండా ఆపదు. అదీ పలక పై మూడో వంతులో ఉంటేనే. మన దగ్గర జాలీ నేల మీద పరిచి దాని మీద పోస్తారు, అప్పుడు అది ఉన్నా లేనట్టే. మామూలు వాకిలికి ఆ డబ్బు కింద మొరానికి పెట్టడం మేలు.

పోసే ముందు మొరాన్ని తడిపి, పైన ప్లాస్టిక్ షీట్ పరచండి. ఇంటి గోడకూ పలకకూ మధ్య అర అంగుళం థర్మాకోల్ షీట్ నిలబెట్టండి, పలక సాగి గోడను తోయకుండా ఉంటుంది. ప్రతి 10 అడుగులకు ఒక జాయింటు, లోతు పలక మందంలో నాలుగో వంతుకు తగ్గకుండా, అంటే అంగుళంన్నర. గ్రైండరుతో కోసేటట్టయితే అంచు రాళ్లు ఊడకుండా కోతకు వచ్చిన వెంటనే కోయాలి. వేసవిలో అది అదే రోజు సాయంత్రానికే వస్తుంది. రేపు చూద్దాంలే అనుకుంటే పలక తనకు నచ్చిన చోట తానే పగులుతుంది.

పైకి తేలిన నీళ్లు ఆరకముందే తాపీ రుద్దడం, ఆ నీళ్లను పీల్చడానికి పొడి సిమెంటు చల్లడం, రెండూ పెచ్చులకు దారి. నీళ్ల మెరుపు పోయాక చీపురు గీత పెట్టండి, బండి జారదు.

తడపడం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండలు మండితే 10. ఇప్పుడు దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), దానికి 14 రోజులు పెట్టుకోండి. పొద్దునోసారి, సాయంత్రమోసారి పైపుతో చల్లడాన్ని తడపడం అనరు. మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండకు రెండు గంటల్లో ఆరిపోతుంది. మట్టితో చిన్న మడులు కట్టి నీళ్లు నిలపండి, వాలు ఎక్కువైతే గోనె సంచులు కప్పి తడుపుతూ ఉండండి. కారు 10 రోజుల తర్వాత, నిండు ట్రాలీ 28 రోజుల తర్వాత.

కేజీవీల్స్, పందిరి గుంజలు, నిండు లారీలు

కరిగెట కాలంలో ట్రాక్టరు కేజీవీల్స్‌తోనే (బురద మడిలో తిప్పే ఇనుప చక్రాలు) రోడ్డెక్కడం ఏ నెల నుంచి మొదలవుతుందో ఆ రోడ్డు చూస్తే తెలుస్తుంది. రబ్బరు టైరు బరువును అరచేయంత మేర పంచుతుంది, ఇనుప పట్టీ గీతంత చోట నొక్కుతుంది. వేసవి తారును గీరేస్తుంది, సీసీ జాయింటు అంచును చితక్కొడుతుంది. చక్రాలు ట్రాలీలో తీసుకెళ్లి మడి గట్టు దగ్గర బిగించుకోవడమే సరైన పద్ధతి. దాటక తప్పని చోట రోడ్డు మీద 6 అంగుళాల మట్టి పరిచి దాటించి, అదే రోజు ఎత్తేయండి.

బరువు విషయంలో 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిగిన రోడ్డు పరీక్షల నుంచి ఇంజినీర్లు వాడే మోటు సూత్రం ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు 16 రెట్లు. వెంచరులోనో మిల్లు దారిలోనో ఒక్క ఓవర్‌లోడ్ టిప్పరు తిరిగితే వంద కార్లు చేయని పాడు చేస్తుందన్నది ఇందుకే. ఇల్లు కట్టేటప్పుడు వాకిలి సీసీ చివరికి పోయమనేదీ ఇందుకే.

పెళ్లికీ బోనాలకూ పందిరి వేస్తూ గడ్డపారతో రోడ్డుకు బొక్కలు పెడతారు. బొక్క రెండు అంగుళాలే, కానీ అది నేరుగా అడుగు దాకా నీటి గొట్టం. డ్రమ్ముల్లో ఇసుక నింపి గుంజలు నిలబెట్టమని టెంట్‌హౌస్ వాళ్లకు ముందే చెప్పండి. బొక్క పెట్టేసి ఉంటే ఇసుకలో తారు ఎమల్షన్ కలిపి కూరి పొడిచి పూడ్చండి. రోడ్డు పక్కన వరిగడ్డి తగలబెట్టడం, రోడ్డు మీద డీజిల్ ఒలకబోయడం కూడా తారును చంపేవే. డీజిల్ పడితే వెంటనే ఇసుక చల్లి పీల్చాక ఎత్తేయాలి.

నల్లా పైపు కోసం సీసీ తవ్వాల్సి వస్తే బ్రేకరుతో అడ్డదిడ్డంగా పగలగొట్టనివ్వకండి. కట్టరుతో రెండు గీతలు కోయించి మధ్యదే తీయించండి. పూడ్చేటప్పుడు 6 అంగుళాలకోసారి దిమ్మిస, పైన పాత మందానికి తగ్గని కాంక్రీటు. తవ్విన మట్టినే ఒకేసారి తోసేసి పైన 2 అంగుళాల సీసీ పూస్తే మొదటి వానకే కాలువలా కుంగుతుంది. వాకిలి పోసే ముందే దాని కింద ఒక 4 అంగుళాల ఖాళీ పీవీసీ గొట్టం వేసి ఉంచుకుంటే మళ్లీ తవ్వే పనే ఉండదు.

ఇంటర్‌లాక్ టైల్స్ వేసేవాళ్లకు

రేగడి నేలకు ఇవి సీసీ కన్నా నయం, కుంగిన చోట తీసి సరిచేసి మళ్లీ పేర్చుకోవచ్చు. కారుకు 60 ఎంఎం, ట్రాక్టరుకు 80 ఎంఎం మందం. కింద అంగుళం, అంగుళంన్నర ఇసుక పరుపు, అందులో సిమెంటు కలపొద్దు. చుట్టూ అంచుకు సిమెంటు కట్ట తప్పనిసరి, అది లేకపోతే చివరి వరుస జరిగి మిగతావన్నీ విడిపోతాయి. సందుల్లోకి సన్నటి పొడి ఇసుక ఊడ్చి కంపాక్టరు తిప్పండి. మొదటి రెండు వానలకు ఆ ఇసుక కిందికి దిగుతుంది, ఆరాక మళ్లీ ఊడ్చి నింపండి.